కూర్చోవడానికి పనికిరావు

ఐటీ పుణ్యమా అని ఊరంతా కంప్యూటర్ల గోలే. ఆ ఊపులో సికింద్రాబాద్‌లోని మా ప్రభుత్వ కార్యాలయానికి కొత్త రివాల్వింగ్ కుర్చీలు మంజూరయ్యాయి. మార్చి దాటితే నిధులు వెనక్కి పోతాయి. పాతవి పాడయ్యాయని ఒక అధికారి వచ్చి చూసి రాస్తేనే కొత్తవి కొనాలి. మా టేకు కుర్చీలు పాడవలేదు. ఎవరి తెలివో గానీ, లాలాగూడ నుంచి వచ్చే మా అటెండర్‌తో వారంపాటు వాటి కాళ్లు సుత్తితో విరగ్గొట్టించారు. పదకొండేళ్లు కూర్చున్నా ఒక్కసారి కిర్రుమనని నా కుర్చీని మాత్రం నేను బీరువా వెనక దాచాను.

తనిఖీకి వచ్చిన అధికారి ఆ కుప్పను చూసి, రాయడానికి కుర్చీ అడిగాడు. ఆఫీసులో ఇంకో కుర్చీ లేదు. అందరూ నావైపే చూశారు. దొరికిపోయామనుకుంటూ, బీరువా వెనక నుంచి నా కుర్చీ తెచ్చి వేశాను.

ఆయన కూర్చుని దాని చెయ్యి నిమిరాడు.

"గిసుంటి టేకు ఇప్పుడు ఏడ దొరుకుతదమ్మా," అన్నాడు.

లిస్టులోని పాత కుర్చీలన్నీ కూర్చోవడానికి పనికిరావని, అందులోనే కూర్చుని రాసి సంతకం పెట్టాడు. తర్వాత లేచి అటెండర్‌ను పిలిచాడు.

"గిది సుత లిస్టుల ఉన్నది గదా. ఇరగ్గొట్టు."