గట్టయ్య దులపని దుమ్ము

అరువు తెచ్చిన వస్తువును మురికిగా తిరిగివ్వడం గట్టయ్య ఇంటావంటా లేదు. పక్కింటి గిన్నె తెచ్చుకున్నా తోమి, తుడిచి మరీ ఇచ్చేవాడు. ఆ మంచి అలవాటే పంతొమ్మిది వందల డెబ్భై మూడులో అతని కొంప ముంచబోయింది.

అప్పట్లో అతను గోదావరిఖని బొగ్గుబావిలో డ్రిల్లు పట్టేవాడు. అంతకుముందు అదే డ్రిల్లు పట్టిన అక్క మొగుడు రాయమల్లు, బొగ్గుదుమ్ము ఛాతీలో పేరుకుని, కంపెనీ క్వార్టరు గడపలో కూర్చుని దగ్గుతుండేవాడు. నాలుగు మాటలాడితే ఆయాసం. అందుకే సర్కారు పరిశోధనశాల నుంచి లింగమూర్తి అనే శాస్త్రవేత్త వచ్చి, దుమ్ము పట్టే డబ్బాను ఛాతీకి తగిలించుకుని షిఫ్టంతా ఎవరు పనిచేస్తారని అడిగితే, గట్టయ్య అందరికన్నా ముందు చెయ్యెత్తాడు.

షిఫ్టు అయ్యాక చూస్తే డబ్బాలోని తెల్ల కాగితం నల్లబడి ఉంది. సర్కారు సొమ్ము ఖరాబైందని గట్టయ్య కంగారుపడ్డాడు. మూత తీసి, దులిపి, తువ్వాలతో శుభ్రంగా తుడిచి తెచ్చిచ్చాడు.

లింగమూర్తి తల పట్టుకున్నాడు. "అయ్యో గట్టయ్యా! మేం వచ్చిందే ఆ దుమ్ము కోసం. అది తూచాకే, దుమ్ము అణచే నీళ్ల పైపు ఎక్కడ వెయ్యాలో తేలుతుంది. రేపు పొద్దున మా జీపు వెళ్లిపోతుంది. నువ్వు పనిచేసే చోటు ఇక లెక్కలోకి రాదు."

గట్టయ్యకు తన మీద తనకే మండింది. "గీ డబ్బాకు పైసలెవరిచ్చిండ్రు సారూ?"

"జనమే. నువ్వు కొనే అగ్గిపెట్టె మీది పన్ను కూడా అందులో ఉంది."

"గట్లనా? అయితే గిది నాది గూడ. ఇంకో కాయితం పెట్టుండ్రి. రెండో షిఫ్టు దిగుత."

"పొద్దంత చేసి మళ్లనా? పిచ్చి లేసిందా?" అని తోటివాళ్లు నవ్వారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, పైవాళ్లను బతిమాలి దిగనే దిగాడు. రెక్కలు పీకుతున్నా డ్రిల్లు వదల్లేదు, డబ్బా మూత ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున జీపు రాయమల్లు క్వార్టరు ముందు ఆగింది. గట్టయ్య తెచ్చిచ్చిన డబ్బా మూత లింగమూర్తి తీస్తే కాగితం నల్లగా ఉంది. "తూచడానికి ఇది చాలు," అన్నాడు. గడపలో కూర్చున్న రాయమల్లు దాన్ని చాలాసేపు చూశాడు.

"గిదంత ఒక్క షిఫ్టుదేనారా?"

"అవ్ బావా."

రాయమల్లు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "నాది ఎవ్వలు తూచలే."

గట్టయ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. "ఇగ నుంచి తూస్తరు బావా," అని డబ్బాకు తనే మూత పెట్టి, రెండు చేతులతో లింగమూర్తికి అందించాడు.

"పైలం సారూ. దులపకుండ్రి."