నూనెలో చూసిన నవ్వు

వికారాబాద్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న రోజుల్లో, లోకంలో నాకు తెలియని సంగతి లేదని నాకో గట్టి నమ్మకం ఉండేది. జువాలజీ ప్రాక్టికల్స్‌లో రెండు కప్పల్ని కోసినవాణ్ణి (ఒకదాన్ని నిజానికి నా పక్కవాడు కోశాడు, నేను కళ్లు మూసుకున్నాను), ఇక మూఢనమ్మకాల పని పట్టేది నేనే అన్నట్టు తిరిగేవాణ్ణి. మా బావ నన్ను ‘సైన్సు సార్’ అని పిలిచేవాడు. అందులో వెటకారం ఉందని చాలా ఏళ్లకు గాని నాకు తెలిసిరాలేదు.

అలాంటి నాకు మేనకోడలు పుట్టింది. అక్కను తాండూరులో ఇచ్చాం, తొలి కాన్పు కాబట్టి మా ఇంటికే వచ్చింది. పాప పేగు మెడలో వేసుకుని పుట్టిందని నర్సు మామూలుగా చెప్పిన మాట మా నాయనమ్మ చెవిన పడింది. అంతే! “మేనమామకు గండం! గీ పోరడు ఇరవయ్యొక్క దినాలదాంక బిడ్డ మొహం సూడొద్దు. ముందుగాల నూనెల నీడ సూసినంకనే బిడ్డను సూడాలె” అని తీర్పు చెప్పేసింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం చాలామంది పిల్లల్లో ఉండేదేనని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. “నీ సదువు నీ కాడనే ఉంచుకో కొడుకా, ముందు బట్టలు సర్దుకో” అంది. ఒకే ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పాప కంటపడుతుందని నన్ను తాండూరులోని అక్క అత్తగారింటికి పంపేశారు. అక్క పుట్టింట్లో ఉంటే నేను ఆమె అత్తారింటికి కాపురానికి పోయినట్టయింది (రైల్లో కిటికీ పక్కన కూర్చుని నిజంగానే కళ్లు తుడుచుకున్నాను).

అక్క అత్తగారు మంచి మనిషి. గండం ఉన్నవాడు గట్టిగా తినాలని ఎక్కడ విన్నదో ఏమో, పూటకు రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు కందిపప్పు నా ముందు పెట్టి, అవి అయిపోయేదాకా కదలనిచ్చేది కాదు. కాలేజీకి ప్యాసింజర్‌లో వెళ్లి వస్తూ, వికారాబాద్‌లో దిగి కూడా మా వీధి మొహం చూడకుండా మూడు వారాలు గడిపాను. ఆదివారాలు బావ పోయి పాపను చూసివచ్చేవాడు. “నిద్రల మస్తు నవ్వుతదిరా! అంతల్నే మొహం ముడుస్తది, మూతి సప్పరిస్తది. దేవుడు పువ్వు సూపెడితే నవ్వుతదంట, దాసిపెడితే ఏడుస్తదంట, మీ నాయనమ్మ చెప్పింది.” నేను ‘అంతా నరాలు బావా’ అని కొట్టిపారేసేవాణ్ణి గాని, ఆ నరాల ఆటను ఒక్కసారి కళ్లారా చూడాలని ప్రాణం కొట్టుకునేది. మూడో ఆదివారం బావ నవ్వకుండా వచ్చాడు. “మీ అక్క దినాం ఏడుస్తుందిరా. నా బిడ్డ నా తమ్మునికే గండమాయెనా అంటది. ఎంత చెప్పినా ఇంటలేదు.” నేను చేతిలో రొట్టె పక్కన పెట్టేశాను. గండమో కాదో, అక్క ఏడుపు మాత్రం ఆగాలి అనిపించింది.

ఇరవయ్యొకటో నాడు, పాపను తొట్టెలలో వేసే రోజు పొద్దున, మా ఇంట్లో ఇత్తడి పళ్లెం నిండా నువ్వుల నూనె పోసి నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. పళ్లెంలో ఇంకెవరి నీడా పడొద్దని నాయనమ్మ అందరినీ గోడదాకా తరిమింది. నూనెలో పాప నవ్వితే గండం పోయినట్టట, ఏడిస్తే పోనట్టట. అక్క నిద్రపోతున్న పాపను తెచ్చి పళ్లెం మీదికి వంచింది. నూనెలో చిన్న ముఖం తేలింది. నేను సంబరపడేలోపే కనుబొమలు ముడుచుకున్నాయి, కింది పెదవి బయటికొచ్చింది, గడ్డం వణికింది. నా మార్కులు చూసినప్పుడు మా నాయన పెట్టే ముఖం అచ్చంగా అదే. సైన్సు సార్ చదివిన చదువంతా ఆ నూనెలోనే మునిగిపోయింది. చచ్చాను, గండం నిజమే అనుకున్నాను (అవును, అనుకున్నాను, దాచడమెందుకు).

నాయనమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. “ఏం సేసిందిరా? నవ్విందా, ఏడ్సిందా?” అని గోడ దగ్గర్నుంచి అరిచింది. పాప ముఖం పక్కనే నూనెలో అక్క ముఖం కూడా కనిపించింది. కళ్ల నిండా నీళ్లు. “నవ్వింది నాయనమ్మా! పండ్లు కనబడేటట్టు నవ్వింది!” అన్నాను. ఇరవయ్యొక్క రోజుల పాపకు పండ్లెక్కడివని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నాయనమ్మ చేతులెత్తి దండం పెట్టింది. అక్క పాపను నా ఒళ్లో పెట్టింది, ఆ పిడికిలి నా వేలు పట్టుకుంది, ఇక నేను దేనికీ పనికిరాకుండా పోయాను.

తర్వాత మర్‌పల్లి వైపు ఒక బడిలో నిజంగానే సైన్సు సార్‌నయ్యాను. పసిపిల్లలది చాలావరకు తేలిక నిద్ర అనీ, ఎదుగుతున్న మెదడు ముఖంలోని కండరాలను అప్పుడు తనంతట తానే కదిలిస్తుందనీ, ఆ నవ్వూ ఆ ముఖం ముడవడమూ ఎవరినీ ఉద్దేశించినవి కావనీ చదువుకున్నాను. ఇది ఆ రోజే తెలిసి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు. చెప్పడం మాత్రం నవ్విందనే చెప్పేవాణ్ణి.

మొన్న ఆదివారం తాండూరు పోయాను. తిన్నాక చల్లని బండల మీద చాప వేసుకుని ఒక కునుకు తీశాను. లేచేసరికి మేనకోడలు నన్ను వీడియో తీసిన ఫోను పట్టుకుని పక్కనే కూర్చుంది, ఇప్పుడు అదీ డిగ్రీ రెండో ఏడే. “మామా, నిద్రల నీ మొహం ఎట్లుందో సూడు!” చూశాను. ముడిచిన కనుబొమలు, బయటికొచ్చిన పెదవి, వణికే గడ్డం. ఈ ముఖం నాకు బాగా తెలిసిందే. “అమ్మా, మామ నిద్రల ఏడుస్తున్నడే!” అని అది వంటింటి వైపు కేకేసింది. అక్క కందికాయలు ఒలుస్తూ ఫోను వైపైనా చూడలేదు.

“లేదు బిడ్డా, నవ్విండు. పండ్లు కనబడేటట్టు నవ్విండు.”

ఇన్నేళ్లూ ఆమెకు తెలుసన్నమాట. ఆ రోజు పాప ఉన్నది ఆమె చేతుల్లోనే కదా, ఆ మాత్రం నాకు తట్టలేదు. మేనకోడలు మళ్లీ ఫోను ఎత్తింది. నేను గబుక్కున గోడ వైపు తిరిగి పడుకున్నాను.