మార్చి కట్టిన పీలికలు

మా ఇంటి పడమటి గోడ పన్నెండేళ్లు నిలబడింది. ఆ పన్నెండేళ్లూ దాని బరువు నేను మోశాను. తడక గోడకు బరువేముంటుంది, ఇద్దరు పట్టుకుంటే లేచి వస్తుంది కదా అని మీరనవచ్చు. నిజమే. నేను మోసింది ఆ గోడ గట్టిదనాన్ని. ఊళ్లో ఎవరైనా మా ఇంటి ముందు ఆగి, "మీ గోడ చెక్కు చెదరలే" అని మెచ్చుకున్నప్పుడల్లా నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. సిగ్గరి మనిషి అనుకున్నారు.

పోయిన నెల వరకు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఆయన పోయినేడు మాఘంలో చనిపోయారు. ఆయనకు ఇక చెప్పలేను. మీకు చెబుతున్నాను.

మా ఊరు పర్ణశాల వెళ్లే దారిలో ఉంది. నేను ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఎనభయ్యో దశకం మొదట్లో ఇల్లందు నుంచి వచ్చాం. మా ఆయన అక్కడ ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. చిన్నప్పటి నుంచీ ఆయాసం. పని మానేసి నాతో పాటు వచ్చేశారు. మేం కొన్న ఇల్లు ఈ వైపు ఇళ్లన్నిటి లాంటిదే. టేకు గుంజలు, గుంజల మధ్య వెదురు తడకలు, తడకల మీద మట్టి. వాన పడమటి నుంచి కొడుతుంది కాబట్టి ఆ గోడే ముందు పోతుంది. మేం వచ్చేసరికి మట్టి పెళ్లలు ఊడి, లోపలి వెదురు పక్కటెముకల్లా కనబడుతోంది. మొదటి వానాకాలం ఇంట్లో ఏదీ ఆరలేదు. పుస్తకాల అట్టలకు బూజు పట్టింది. మా ఆయన మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం వెతుక్కునేవారు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఒకటే మాట అన్నాడు. చెమ్మ తగలనివ్వకండి.

వేసవి రాగానే మా ఆయన తనే పూనుకుని, బండి మనిషిని మాట్లాడి, బొంగులు నరికించి తెప్పించారు. ఆ ఏడు అడవి నుంచి ఇంటికొక మోపు మాత్రమే తెచ్చుకోనిచ్చారు ఫారెస్టు వాళ్లు. ఆయన ముఖంలో చాలా రోజులకు సంతోషం చూశాను. ఇంటి పని ఒకటి తను చేశానన్న సంతోషం.

తడకలు అల్లేది మేదరి లచ్చయ్య. చుట్టుపక్కల పది ఊళ్లకు ఆయనే. వచ్చి మోపు చూశాడు. ఒక బొంగు మీద వేలితో కొట్టి, "ఎప్పుడు కొట్టించిన్రు సారూ?" అన్నాడు. పున్నమి నాడని మా ఆయన చెప్పారు. వెన్నెల్లో కొట్టిన బొంగులో తీపి ఉంటుందనీ, దానికి పురుగు పడుతుందనీ, అమావాస్య ముందు కొట్టినదైతే పదేళ్లకు తక్కువ పోదనీ లచ్చయ్య చెప్పాడు. వాళ్ల నాయన నేర్పిన మాట. "ఇది రెండేండ్లు. గంతే" అన్నాడు. ఆ మాటలో పొగరు లేదు. ఉన్నది చెప్పాడు. మా ఆయన ముఖంలో సంతోషం పోయింది. 

పక్కింటి రత్నమ్మ గోడ కూడా ఆ ఏడే మార్చాలి. ఆమె బట్టలు కుట్టేది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆమెకు లచ్చయ్య తనే అమావాస్యకు రెండు రోజుల ముందు బొంగులు కొట్టి తెచ్చాడు. రెండు గోడలూ ఒకే ఎత్తు కావడంతో రెండు మోపులూ ఒకే కొలతకు తెగ్గోశాడు. ఒకే రోజు వాగు మడుగులో వేసి పైన రాళ్లు పెట్టాడు. మూడు వారాలు నానాలి. ఎవరి మోపుకు వాళ్ల ఇంటి పాత చీర పీలిక కడతారు. ఇక్కడి వాళ్లకు అదే గుర్తు. అంతకు మించిన గుర్తు ఎవరికీ అవసరం రాలేదు. ఇతరుల పీలిక ఎవరూ ముట్టుకోరు. మాది నీలం. రత్నమ్మది ఎరుపు.

అవి ఒంటిపూట బడి రోజులు. ఒక మధ్యాహ్నం బట్టలు తీసుకుని వాగుకు వెళ్లాను. ఎండకు మనిషి లేడు. రెండు మోపులూ పక్కపక్కనే ఉన్నాయి. పాచి పట్టి, బురద రంగు తేలి, ఏది ఎవరిదో చెప్పలేనట్టుగా ఉన్నాయి. బట్టలు ఉతికాను. ఆరేశాను. తరవాత మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి పీలికలు విప్పాను. తడిసిన ముడి చేతికి రాలేదు. పళ్లతో లాగాను. ఆ పాచి రుచి ఇప్పటికీ గుర్తుంది. నీలం తీసి రత్నమ్మ మోపుకు, ఎరుపు తీసి మా మోపుకు కట్టాను. ఎంతసేపు పట్టిందంటారా? ఆరేసిన జాకెట్టు ఆరేంత సేపు కూడా పట్టలేదు.

ఆయన ఊపిరి కోసం చేశాను. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న మాట ఇది. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. రత్నమ్మ ఆరోగ్యంగా ఉంది, గట్టి మనిషి, తట్టుకుంటుంది అని కూడా అనుకున్నాను. ఎవరు ఎంత తట్టుకోగలరో నిర్ణయించే పని నాకెవరు ఇచ్చారు? ఇంకోటి కూడా ఉంది. నేను చదువుకున్నదాన్ని. చంద్రుడికీ బొంగుకీ సంబంధమేమిటి, ఇదంతా నమ్మకం, మార్చినా నష్టమేమీ లేదు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నమ్మకపోతే మరి ఎందుకు మార్చాను? ఈ ప్రశ్న ఆ రోజు నీళ్లలో నిలబడినప్పుడే వచ్చింది. రాగానే తోసేశాను.

మూడు వారాలకు లచ్చయ్య పీలికలు చూసుకుని మోపులు తీశాడు. రెండు గోడలూ అల్లాడు. ఆ వానాకాలం మా ఇల్లు పొడిగా ఉంది. మా ఆయన రాత్రిళ్లు పడుకుని నిద్రపోయారు. కూర్చుని కాదు, పడుకుని.

రెండో శ్రావణంలో ఒక పగటిపూట రత్నమ్మ గోడ కూలింది. నేరుగా కుట్టుమిషను మీద పడింది. అరుపు విని అందరం వెళ్లాం. విరిగిన తడకల్లోంచి పురుగు తొలిచిన పసుప్పచ్చటి పిండి కుప్పగా రాలింది. లచ్చయ్యను పిలిపించారు.

"ఏమయ్యో లచ్చయ్యా, ఇదేనా నీ అమాస బొంగు?" అంది రత్నమ్మ, ఆ పిండి దోసిట్లో పట్టుకుని. "ఇంత బెల్లం గలిపి ముద్ద జేస్త, తిను. పదేండ్లు గట్టిగుంటవ్!"

లచ్చయ్య పిండి తీసుకుని వాసన చూశాడు. "ఎట్లయితది రత్నమ్మక్కా. నా చేతుల్తోని కొట్టిన. అమాసకు రెండు దినాల ముంగట."

"మరి టీచరమ్మోల్లది జూడు" అని బండి మనిషి అందుకున్నాడు. "పున్నానికి కొట్టిన బొంగు. రెండేండ్లు సుత ఉండదంటివి. బండ లెక్క నిలబడె. నీకు అమాసకు పున్నానికి ఫరక్ దెల్వదా ఏంది?"

అందరూ నవ్వారు. లచ్చయ్య ఆ నవ్వుల మధ్యలోంచి నడిచి మా గోడ దగ్గరకు వచ్చాడు. ఒక మూల మట్టి గీకి, గోరుతో వెదురును నొక్కాడు. చాలాసేపు నొక్కాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, మడుగుల ఉన్నప్పుడు మోపులు ఏమన్న మారినయా? నువ్వేమన్న జూసినవా?"

ఆయన నన్ను అనుమానించలేదు. సాయం అడిగాడు. మా ఆయన నా పక్కనే ఉన్నారు. తన బొంగులే గెలిచాయన్న చిన్న నవ్వు ఆయన ముఖం మీద ఉంది.

"నాకేం తెలుసు లచ్చయ్యా" అన్నాను. "పీలికలు చూసి తీసింది నువ్వే కదా."

"అవ్" అన్నాడు. "నేనే దీసిన."

ఆ రోజే నోరు తెరిచి ఉంటే ఒక మధ్యాహ్నపు తప్పుతో పోయేది. అంతటితోనూ ఆగలేదు. ఆ చలికాలం నాలుగో తరగతికి మూఢనమ్మకాల పాఠం చెబుతూ, ఉదాహరణ కావాలని, మన ఊళ్లోనే రెండు గోడలున్నాయి చూడండి అన్నాను. రెండో వరసలో లచ్చయ్య కూతురు కూర్చుని ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎందుకన్నాను? అబద్ధాన్ని పాఠం చేసేస్తే అది నిజమైపోతుందని ఆశపడ్డానేమో.

తరవాత ఊళ్లో అమావాస్య కోసం ఎవరూ ఆగలేదు. చేతికి దొరికినప్పుడు కొట్టుకున్నారు. గోడలు ఒకటొకటే పిండి రాల్చాయి. వానలు ఎక్కువయ్యాయని అనుకున్నారు. లచ్చయ్యను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. రెండేళ్లకు భార్యనూ బిడ్డనూ తీసుకుని టేకులపల్లి వైపు అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చి ప్రార్థనలో పాపాలు ఒప్పుకునే చోట నేనెప్పుడూ పెద్ద మాటలే వాడాను. గర్వం, అవిశ్వాసం, కఠిన హృదయం. పీలిక అనే చిన్న మాట ఒక్కసారి కూడా నా నోట రాలేదు.

ఈ ఏడు మా గోడ కింది వరస మెత్తబడింది. దాని ఆయుష్షు అయిపోయింది, అంతే. లచ్చయ్య చెప్పినట్టు పదేళ్లకు తక్కువ పోలేదు. దాన్ని ఎవరి కోసం నిలబెట్టానో ఆ మనిషి లేరు. మంచం ఆ గోడ పక్కనే ఉంది. ఒక రోజు దాని మీద కూర్చుని మెత్తటి చోట వేలు పెట్టి చూశాను. వేలు లోపలికి పోయింది. మర్నాడు టేకులపల్లి బస్సెక్కాను.

లచ్చయ్య అరుగు మీద చాట అల్లుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. వద్దన్నాను. నిలబడే చెప్పాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలేవీ పనికిరాలేదు. పీలికలు మార్చాను అన్నాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"రెండూ మార్చినవా?"

"రెండూ."

ఆయన చాట పక్కన పెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు: "అయితే మా నాయిన జెప్పింది తప్పు గాదన్నట్టు."

 ఆయన లోపలున్న భార్యకు కేకేశాడు. "ఇన్నవా నర్సమ్మా? నాయిన మాట తప్పు గాదట!" ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. కోపమైతే నాకు సులువుగా ఉండేది.

తడకలు అల్లడం ఎప్పుడో బంద్ చేశానని చెప్పాడు. "చేతులకు శాతగాక గాదు. ఇది అమాసకు కొట్టింది, నిలుస్తది అని జెప్పనీకి నోరు రాకపోయె. నాయిన తప్పు జెప్పిండో, నేనే తప్పు ఇన్ననో, ఇన్నేండ్లు గదే సోంచాయించిన." మళ్లీ అన్నాడు: "మా బిడ్డ ఆ దినం బడి నుంచొచ్చి అడిగింది. నాయినా, మనది మూఢనమ్మకమా అని."

క్షమించమన్నాను.  "ఊర్లె జెప్తవా?" అని అడిగాడు. చెబుతానన్నాను. "బల్లె గూడ?" బడిలో కూడా అన్నాను. ఆయన మళ్లీ చాట ఎత్తుకున్నాడు. మా గోడ అల్లడానికి వస్తాననలేదు. రాననీ అనలేదు.

ముందు రత్నమ్మకు చెప్పాను. ఆమె ఇప్పుడు ఇటుక గోడ కట్టుకుంది. విన్నంతసేపూ నా ముఖంలోకే చూసింది. "ఆ మిషను మా అమ్మది" అంది. అంత నోరున్న మనిషి ఆ ఒక్క మాటే అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. అది ఆమె హక్కు. కానీ మొన్నామధ్య వీధిలో బొంగుల బండి పోతుంటే ఆమె గొంతు ఊరంతా వినిపించింది. "ఏందిరో, పున్నం ముంగటనే కొట్టుకొస్తున్నవ్? ఏమైతదో పోయి టీచరమ్మను అడుగు!" నేను మా వాకిట్లో నిలబడి విన్నాను. లోపలికి పోలేదు.

బడిలో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఒక పిల్ల లేచి, "మరి అమాస మాట నిజమేనా టీచర్?" అని అడిగింది. మా రెండు గోడలూ ఆయన మాటే నిజమన్నాయి అన్నాను. అయినా నా మాట మీద నమ్మకండి, మీరే చూడండి అన్నాను. పున్నమి నాడు కొట్టిన ముక్క ఒకటి, అమావాస్యకు ముందు కొట్టిన ముక్క ఒకటి. మూడు వారాలు నానాక రెంటినీ బడి వసారాలో వేలాడదీస్తాం. రెండేళ్లు చూస్తాం. పున్నమి ముక్క వచ్చేసింది. రెండోదానికి ఇంకా నాలుగు రోజులుంది. మా మోపు కూడా ఆ రోజే కొట్టిస్తాను. ఈలోగా పాత గోడ తీసేసి పడమటి వైపు టార్పాలిన్ కట్టుకున్నాను. గాలి వస్తే అది లోపలికి ఉబ్బుతుంది. ఫర్వాలేదు, నిద్ర పడుతోంది.

నిన్న ఆ మొదటి ముక్కను వాగు మడుగులో వేశాం. గుర్తుకు పిల్లలే ఒక పసుపు పీలిక చింపి, వాళ్లే ముడి వేశారు. నేను ఒడ్డున నిలబడి చూశాను. ముట్టుకోలేదు.