స్టోర్ రూములో నాలుగో మిషన్

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. తప్పంటూ ఉంటే వైరులో ఉంటుంది, లేదా వాడే మనిషిలో ఉంటుంది. అలాంటి నేను ఇది రాయాల్సి రావడం నాకే చిరాగ్గా ఉంది.

తొంభైల మొదట్లో మస్కట్‌లో ఒక కంపెనీలో పనిచేశాను. రూమ్ ఆ ఊళ్ళోనే హమ్రియా అనే పేటలో. ఆఫీసులో ఐదు కంప్యూటర్లు, ఒక సర్వర్. అందరి లీవు కాగితాలూ వాటిలోనే తయారయ్యేవి. ఆ పని చూసేది కడప ఖాజా, రాజంపేట సుబ్బరాయుడు. ఇద్దరికీ ఒకటే పట్టింపు. ఎవరి లీవు కాగితం వాళ్ళే టైపు చేసుకుంటే ప్రయాణం సాగదట! అందుకని ఎప్పుడైనా ఒకరిది ఒకరే కొట్టాలని మాట ఇచ్చుకున్నారు. సుబ్బరాయుడిది రెండువేళ్ళ టైపింగు, ఒక్క కాగితానికి గంట పట్టేది. నేను ఇద్దర్నీ తెగ ఎగతాళి చేసేవాణ్ణి.

సుబ్బరాయుడు గుండెపోటుతో పోయాడు. అతని నాలుగో నంబరు మిషన్ వైర్లు నేనే పీకేసి, స్టోర్ రూములో పెట్టి తాళం వేశాను.

నెల తిరక్కుండానే, ఒక గురువారం పొద్దున ఖాజాకు ఇంటినుంచి ఫోను. భార్యకు కాన్పు కష్టమైంది, ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మేనేజరు వెంటనే లీవు ఇచ్చి, సాయంత్రం విమానానికి టికెట్టు కూడా తెప్పించాడు. కానీ అందరి పాస్‌పోర్టులూ కంపెనీ బీరువాలో ఉంటాయి. వాటిని చూసే ఒమానీ ఉద్యోగిని మేం మందూబ్ అనేవాళ్ళం. కంప్యూటర్‌లో తీసిన లీవు కాగితం చూపిస్తేనే ఆయన తాళం తీస్తాడు. ఒంటిగంటకు వెళ్ళిపోతాడు. మర్నాడు శుక్రవారం, సెలవు.

పదకొండున్నరకు ఖాజా పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, రాయుడు లేడు గదా అని నా కాగితం నేనే కొట్టుకోబోతే లాగిన్ కాలేదన్నా. నా పేరుతో ఇంకెవరో లోపల ఉండారంట!"

వెళ్ళి చూశాను. నిజమే, ఖాజా పేరుతో వేరే మిషన్‌లో పని జరుగుతోందని స్క్రీన్ మీద ఉంది. మిషన్ నంబరు నాలుగు.

పాస్‌వర్డ్ మార్చాను. కేబుల్ మార్చాను. సర్వర్ ఆపి మళ్ళీ పెట్టాను. అదే మాట. కొత్త పేరు పెట్టి నేనే కొట్టబోతే, ఖాజా రికార్డు ఎవరో రాస్తున్నారంటూ తెరవనివ్వలేదు. స్టోర్ రూము తాళం తీశాను. మిషన్ మీద దుమ్ము, పక్కనే నేను చుట్టిపెట్టిన వైర్లు. ఒళ్ళు మండింది. భయమూ వేసింది, దాచడమెందుకు.

పన్నెండూ నలభై. ఖాజా తల పట్టుకుని ఏడుస్తున్నాడు. అప్పుడు ప్రింటర్ కదిలింది.

ఖాజా లీవు కాగితం. పాస్‌పోర్టు నంబరు, ఆనాటి తేదీ, పొద్దున్నే ఖాయమైన విమానం నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అడుగున, టైపు చేసినవాళ్ళు పొడి అక్షరాలు వేసే చోట, సుబ్బరాయుడివి.

"మాట తప్పలేదన్నా మా రాయుడు," అంటూ ఖాజా కాగితం లాక్కుని పరిగెత్తాడు. మరుక్షణం లాగిన్ అయింది.

తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల.

ఎవరి ఆకతాయితనమో అని ఆరా తీశాను. విమానం నంబరు తెలిసింది ఖాజాకూ, నాకూ, మేనేజరుకే. మేనేజరుకు టైపింగు రాదు. సర్వర్‌లో మాత్రం నాలుగో మిషన్ గంటా పది నిమిషాలు పనిచేసినట్టు నమోదై ఉంది. నాకు ఈనాటికీ అంతుబట్టలేదు.

ఆ ఏడాది చివర నేనూ ఊరికి బయల్దేరాను. నా కాగితం నేనే కొట్టుకోవచ్చు. కొట్టుకోలేదు. ఖాజా డ్యూటీకి వచ్చేదాకా కూర్చుని, కొట్టిపెట్టమని అడిగాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.