రోబోకి రాసిన సంతాపం

కాగితం మీద రాసి ఫొటో పెడుతున్నాను. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులుంటే మన్నించండి.

రాత్రిపూట వచ్చే టాక్ షోలో యాంకర్ పక్కన ఒక రోబో కూర్చుంటుంది. ఇక్కడ జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్ ఊళ్లో, మా అమ్మాయి ఇంట్లో, మర్నాడు ఫోన్లో చూస్తాను. మాటలు అర్థం కావు గానీ ఆ రోబో అంటే ఇష్టం. ఇవాళ తెలుగు ఫ్యాన్స్ గ్రూపులో "మన రోబో సెలవు తీసుకుంది" అని పెట్టారు. పోయిందనుకున్నాను. "దాని ఆత్మకు శాంతి కలగాలి, ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉండాలి" అని రాశాను. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. రెండు వారాలు రిపేరట, అంతే.

మా అమ్మాయి కూడా నవ్వింది. నవ్వి, "నాన్నా, పోయిన నెల కింద ఇంటి ముసలావిడ చనిపోతే, వాళ్లాయన ఎదురుపడినా తల దించుకుని వచ్చేశావు. బొమ్మకైతే మాటలొచ్చాయా?" అంది.

నిజమే. సిగ్గుతో అన్నం సయించలేదు.

ఆయన రోజూ పొద్దున మెట్ల మీద కనిపిస్తాడు. అలాంటప్పుడు జర్మన్‌లో ఏమంటారో అమ్మాయిని అడగడానికి మొహం చెల్లడం లేదు. తెలిసినవాళ్లు తెలుగు అక్షరాల్లో రాయండి. తెల్లారేలోపు రాస్తే రేపే అంటాను.