భుజాన మోసిన తుపాకి

నా చిన్నప్పుడు మా ఇంటి పడసాలలో గోడకు ఒక డబల్ బ్యారల్ తుపాకి వేలాడుతూ ఉండేది. కింద నిలబెడితే నా ముక్కు దాకా వచ్చేది. ఏటా దసరాకు మా జేజి దానికి పసుపు రాసి బొట్టు పెట్టేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టి, పిల్ల ఈ ఏడు ఎంత పెరిగిందో చూసేవాళ్ళు. ఆ చేత్తోనే నాకూ బొట్టు పెట్టేది జేజి. అందుకేనేమో, దాన్ని చూస్తే నాకు భయం ఉండేది కాదు. ఇంట్లో మనిషిని చూసినట్టే ఉండేది.

లైసెన్సు మా అబ్బ పేరున ఉండేది. మా సీమలో నాయన నాయనను అబ్బ, నాయన అమ్మను జేజి అంటాము. మా ఊరు బేతంచెర్లకు దగ్గర. ఒక పక్క కొండ, ఇంకో పక్క నాపరాయి గనులు, మధ్యలో మా వేరుశనగ చేలు. కొండ దిగి వచ్చే అడవిపందుల కోసమే ఆ తుపాకి. దాని విషయంలో మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. తుపాకి ఒకరి చేతిలో ఉంటే తూటాలు ఇంకొకరి దగ్గర ఉండాలి. అబ్బ తుపాకి భుజాన వేసుకుని ముందు నడిస్తే, తూటాల సంచి పట్టుకుని జేజి వెనక నడిచేది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఆ సంచి నా మెడలో పడింది.

"అడిగితే ఇయ్యాల పాపా. అయితే ఎందుకని అడిగి, జవాబు విన్నాకనే ఇయ్యాల" అని అబ్బ నేర్పాడు. పంది కళ్ళెదురుగా కనబడుతున్నా సరే, నేను "ఎందుకబ్బా?" అనేదాన్ని. ఆయన విసుక్కోకుండా "పందికి పాపా" అనేవాడు. ఆలోగా ఆ పంది సగం చేను దాటిపోయేది. మా ఇంట్లో పందికూర వండిన రోజులు తక్కువేనని వేరే చెప్పక్కర్లేదు.

మా నాయన నేను ఉయ్యాలలో ఉండగానే పోయాడు. మా అమ్మకూ నాకూ అబ్బ, జేజి, మా చిన్నాయనే దిక్కు. చిన్నాయనకు ముక్కు మీద కోపం. నా జడ లాగాడని బడిలో పిల్లవాడి ఇంటికి పోయి, వాడి తండ్రితో కొట్లాడి వచ్చిన మనిషి. నాకు ఆయనంటే ప్రాణం.

కర్నూలు రాజధాని అయి, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజులవి. అక్కడ ఎటు చూసినా కట్టుబడి పనులే కావడంతో మా వైపు నాపబండలకు గిరాకీ వచ్చింది. అంతవరకు మేకలు కూడా మొహం చూడని మా రాళ్ళచేను ఉన్నట్టుండి బంగారమైంది. దాని పక్క చేను మా పెదనాయనది. ఆయన అబ్బ తమ్ముడి కొడుకు, చిన్నాయనకు వరుసకు అన్న. ఇటు నుంచి వీళ్ళూ అటు నుంచి వాళ్ళూ తవ్వుకుంటూ వచ్చారు. ఒకరోజు చూస్తే మధ్యలో ఉండాల్సిన హద్దురాయి లేదు. పెదనాయనే పెరికించాడని చిన్నాయన అన్నాడు. మీ కూలీల గడారు దెబ్బకే పడిపోయిందని పెదనాయన అన్నాడు. మాటా మాటా పెరిగి రెండిళ్ళకూ రాకపోకలు ఆగిపోయాయి. రోజూ నాకు జడ వేసే పెద్దమ్మ, నేను ఎదురొస్తే తల తిప్పుకుని పోయేది. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధగా ఉండేది.

బండలు తోలుకుని కర్నూలు పోయిన చిన్నాయన ఒకసారి నడుముకు పిస్తోలు దోపుకుని వచ్చాడు. నైజాం పోయిన గలాటాలో చేతులు మారి, తుంగభద్ర దాటి వచ్చిన సరుకట. జానెడు ఉంటుందేమో. పెరటి గోడ మీద పాత ముంత పెట్టి, గడ్డివామి దగ్గర నిలబడి పేల్చాడు. ముంత అలాగే ఉంది. మళ్ళీ పేల్చాడు. పక్కింటి కోళ్ళు ఎగిరిపోయాయి గానీ ముంత కదలలేదు. చివరికి దాని ముందుకు పోయి, చెయ్యి చాచి పేలిస్తే పగిలింది. అంత దగ్గరికి పోయినవాడివి చేత్తోనే పగలగొట్టి ఉండొచ్చు గదా అని జేజి ఎగతాళి చేసింది. నేనూ పడీ పడీ నవ్వాను. అబ్బ మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున పెదనాయన కూలీలు హద్దు దాటి తవ్వుతున్నారని కబురు వచ్చింది. చిన్నాయన అన్నం ముట్టకుండా చొక్కా తొడుక్కున్నాడు. చొక్కా కింద నడుము దగ్గర ఎత్తుగా కనబడుతోంది. అమ్మ చూసింది, జేజి చూసింది. మా వైపు అలా బయలుదేరిన మగవాళ్ళు కొందరు జైలుకు పోయారు, కొందరు తిరిగే రాలేదు. ఇంటికి మిగిలింది ఆ ఒక్క కొడుకు. జేజి పోయి గడపకు అడ్డంగా కూర్చుంది.

అబ్బ ఆమెను లెమ్మన్నాడు. గోడ మీది తుపాకి దించి మంచం మీద పెట్టాడు. పిస్తోలు కూడా తీసి దాని పక్కన పెట్టమన్నాడు. ఆ రెండింటినీ పక్కపక్కన చూడటం నాకు అదే మొదలు. అబ్బ పొలంలో ఎరువు గురించి మాట్లాడినంత నిదానంగా మాట్లాడాడు. పొడుగుదాన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. తుపాకి మడమ భుజానికి ఆనాలి, చెంప కట్టెకు ఆనాలి, కన్ను గొట్టం వెంబడి పోవాలి. అందుకే చేనవతల ఉన్న పంది కూడా దానికి అందుతుంది. పొట్టిదానికి ఆ ఆసరాలేవీ లేవు. ఉన్నదల్లా ఒక్క మణికట్టు, అది కొంచెం అదిరితే ముంత ముంతలాగే ఉంటుంది.

"పొడుగుది అడవికని చేసినారు. ఈ పొట్టిది ఎదురుగా కూర్చున్న మనిషికని చేసినారు. ఇంగొక పని లేదు దీనికి" అన్నాడు అబ్బ. "పోవద్దనను నాయనా. పోతే మన తుపాకి ఎత్తుకోని పో. దాచిపెట్టుకోని మాత్రం పోవద్దు."

పెద్ద తుపాకి మరీ మంచిదనుకున్నాడో, తండ్రి మాట తీసేయలేకపోయాడో, చిన్నాయన దాన్ని భుజాన వేసుకున్నాడు, పిస్తోలు మంచం మీదే ఉండిపోయింది. అబ్బ తూటాల సంచి తెచ్చి నా మెడలో వేశాడు. అమ్మ నన్ను వెనక్కి లాగింది. పాప వెంట ఉంటేనే వాడు తిరిగొస్తాడమ్మా అని అబ్బ అంటే, అమ్మ చెయ్యి మెల్లగా వదిలింది.

నడుముకు దోపుకున్నదాని గురించి ఎవరూ అడగరు. భుజాన ఉన్నదాని గురించి ఆ రోజు అడగని మనిషి లేడు. మొదట బర్రెను పితుకుతున్న అవ్వ అడిగింది.

"ఏమప్పా, పొద్దున్నే తుపాకి ఎత్తుకోని యాడికి పోతాండావు?"

"పందులకు పోతాండా అవ్వా."

"ఇంత పొద్దెక్కినాక పందులు యాడుంటాయప్పా?" అంది అవ్వ, పితకడం ఆపి.

బడి పంతులు అడిగాడు. బావి దగ్గర ఆడవాళ్ళు అడిగారు. అందరికీ పందులే జవాబు. గొర్రెల కాపరి మాత్రం నమ్మి, ఆ చేత్తోనే తోడేలును కూడా చూడప్పా, నీకు పుణ్యముంటాదని బతిమాలాడు. చెప్పిందే చెప్పీ చెప్పీ చిన్నాయన గొంతు తగ్గిపోతూ వచ్చింది. తుపాకి బరువుకు భుజం మార్చుకుంటూ చెమటలు కక్కుతున్నాడు. బండలు తోలే సాయిబు మామ ఏమీ అడగలేదు. తుపాకిని చూసి, నా మెడలో సంచిని చూసి, బండిని మా వెనకే మెల్లగా తోలుకుంటూ వచ్చాడు. పితకడం వదిలేసి అవ్వ కూడా వచ్చింది. గని చేరేసరికి మా వెనక చిన్న తిరుణాల తయారైంది.

అంత పొడుగు తుపాకి ఎంతో దూరం నుంచే కనబడుతుంది కదా. పారిపోవాలనుకుంటే పెదనాయనకు కావలసినంత వ్యవధి ఉంది. ఆయన పోలేదు. ఉత్త చేతులతో బండల దొంతి పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనకు సంగటి తెచ్చిన పెద్దమ్మ, గంప కింద పెట్టి వచ్చి ఆయన ముందు నిలబడింది.

చిన్నాయన ఆగి, వెనక్కి చూడకుండా చెయ్యి చాచాడు. "ఇయ్యి పాపా."

సంచిని రెండు చేతులతో పట్టుకున్నాను. అంత భయంలోనూ అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"ఎందుకు చిన్నాయనా?"

చిన్నాయన నోరు తెరిచాడు. దారి పొడుగునా అందరికీ చెప్పిన మాట ఆయన నాలుక మీద ఉండే ఉంటుంది. ఎదురుగా అన్నను పెట్టుకుని ఆ మాట ఎలా అంటాడు? ఉన్న మాటేమో నాకు చెప్పలేడు. చాచిన చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. తరవాత మెల్లగా దిగింది. తుపాకి బండ మీద పెట్టి, తనూ కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

పెద్దమ్మే ముందు కదిలింది. "తినకనే వచ్చినట్లుండావు. సంగటి ఉండాది, రా" అంటూ గంప విప్పింది. సంగటి, నంజుకోను వేరుశనగల ఊరిబిండి. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే గంపలోది తిన్నారు. తింటున్నంతసేపూ పెద్దమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, రేగిపోయిన నా జడ విప్పి మళ్ళీ వేసింది.

హద్దురాయి ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. అది ఉండిన చోట ఒక దారి వెడల్పున ఇద్దరూ తవ్వకుండా వదిలేశారు. ఇప్పుడు రెండు పక్కలా గుంతలే, మధ్యలో ఆ రాతి దారి అలాగే ఉంది. పిస్తోలును అబ్బ నీళ్ళు నిండిన పాత గనిలో వేసేశాడు. చిన్నాయన నా పెళ్ళి చేశాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు, ముసలితనం చూసి పోయాడు. ఎవరిమీదైనా కోపంతో చెప్పులు వేసుకుంటే, గడప దగ్గర ఆగి ఒకసారి నా వైపు చూసేవాడు.

ఆ ముక్కు మీది కోపం నాకూ వచ్చింది. ఎక్కడికి పోతుంది, ఇంటి రక్తం కదా. దాన్ని నేను దాచుకోను, అందరికీ తెలిసేలాగే మోస్తాను. ఎవరినైనా దులిపేద్దామని ఫోను చేతికి తీసుకున్నప్పుడు మాత్రం ముందు నా మనవరాలిని పిలుస్తాను. ఎందుకని అడగవే అంటాను. అది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "ఎందుకు జేజీ?" అంటుంది. జవాబు ఉన్న రోజు మాట్లాడతాను. చాలాసార్లు ఉండదు. అప్పుడు ఫోను పక్కన పెట్టేస్తాను.