జీనుకు కట్టిన పెండ్లికొడుకు

మొన్న మా వీధిలో పెండ్లి ఊరేగింపు వస్తున్నదని కోడలు గుమ్మంలో కుర్చీ వేసి నన్ను కూచోబెట్టింది. గుర్రం మీద పెండ్లికొడుకు, ముందర చెవులు పగిలే మోత. అందరూ అతని తలపాగా చూస్తుంటే నేను పాదాలు చూశాను. అవి దేనికీ కట్టకుండా ఊరకే వేలాడుతున్నాయని తెలిశాకగాని నాకు ఊపిరి ఆడలేదు. ఖానాపూర్ వైపు పాతకాలపు పెండ్లిళ్లు ఎరిగిన నా ఈడువాళ్లకు ఆ భయమేమిటో తెలిసే ఉంటుంది.

నిజాం మీద పోలీసు చర్య అయిన కొన్నేండ్లకు జరిగిన సంగతి. మా బాపు ఊరికి మాలీ పటేలు. వానకాలం నల్లరేగడిలో బండి దిగబడితే ఇక కదలదు కాబట్టి, శిస్తు వసూలుకు ఏ పల్లెకు పోవాలన్నా ఆయనకు గోధుమరంగు ఆడగుర్రమే దిక్కు. మా అన్నకు స్వారీ ఆయనే నేర్పాడు. జీనుకు వేలాడే రికాబులో కాలివేళ్లే ఆనాలి, పాదమంతా దూర్చవద్దు; పొట్ట కింది జీను పట్టీ బిగించేటప్పుడు గుర్రం గాలి పీల్చి ఉబ్బుతుంది, నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించాలి. ఇవన్నీ చెప్పి చివరికి ఒకటే మాట అనేవాడు: "పడితే పడు గని ఇరుక్కోకు బిడ్డా. పడ్డోడు లేస్తడు, ఇరుక్కున్నోడు లేవడు."

అన్న పెండ్లి కుదిరింది. విడిదింటి నుంచి పందిరి దాకా పెండ్లికొడుకు కాలు నేలకు తాకవద్దని మా వంశంలో ఆచారం. తాకితే ఏడాది తిరగకముందే పిల్ల బొట్టు పోతుందని నమ్మకం. మా మేనత్త మొగుడు తన పెండ్లినాడు గుర్రం మీద నుంచి జారాడు, ఆ ఏడే గత్తర తగిలి, వాంతులు విరేచనాలతో పోయాడు. అందుకే ఆమె పసుపుగుడ్డ తెచ్చి అన్న చీలమండలు రెండూ రికాబులకు చుట్టి, మిగిలిన కొసలను గుర్రం పొట్ట కిందినుంచి తీసి ముడివేయబోయింది.

బాపు అడ్డం పోయాడు. "అక్కా, మనిషిని గుర్రానికి కట్టేస్తరా? వానికి స్వారీ వస్తది, పడడు."

"మీ బావ గూడ పడడనే అన్నరు తమ్మీ. నా బొట్టు పోయింది, గా పిల్లది గూడ పోవాల్నా?"

పక్కనున్న పెద్దమనిషి ఒకాయన, "పటేలుకు కొడుకు ఫికరు లేదు, గుర్రం ఫికరే" అంటే అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వి, "కట్టనియ్యి బాపు, అత్త మనసు నిమ్మలమైతది" అని కాలు చాపాడు. బాపు తల వంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

పొద్దు వాలకముందే బయలుదేరాము. కాళ్ల కట్టు అడ్డం రావడంతో పట్టీని రెండోసారి బిగించడం వీలు కాలేదు. పందిరి కనబడుతుండగా, ఎదురుకోలుకు వచ్చినవాళ్లలో ఎవరో సంబరానికి తుపాకి పేల్చాడు. గుర్రం బెదిరి రోడ్డు దిగి, కోసిన జొన్నచేనులోకి దూకింది. వదులైన జీను తిరిగిపోయి అన్న దాని పొట్ట కిందికి వచ్చాడు. తల నేలకు, కాళ్లు కట్టుకు. ఆ జొన్న కొయ్యల మీద ఎంత దూరం ఈడ్చిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. వాగు గట్టున గుర్రం నిలిచాక బాపు కొడవలితో ఆ గుడ్డ కోశాడు.

నడుము విరిగినవాణ్ణి కదిలించవద్దని అప్పుడు మాకెవరికీ తెలియదు. లేపి కూచోబెట్టారు, నీళ్లు తాగించారు, భుజాల మీద మోశారు. నిర్మల్ దవాఖానలో పెదవి విరిచారు. నడుము కింద స్పర్శే లేని అన్న మళ్లీ వానలు పడేదాకా మంచం మీదే ఉన్నాడు. ఆ పిల్లకు వేరే సంబంధం చూడమని తానే కబురు పంపాడు. అన్నను పక్కలు మార్చడం, పుండ్లు కడగడం అన్నీ మేనత్తే చేసింది. అన్నను కన్న మా అవ్వ ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెను లోపల కాల్చింది. ఊరివాళ్లు ఆ గుర్రాన్ని చంపేయమంటే అన్న ఒప్పుకోలేదు. "దానికేం ఎరుక బాపు? నన్ను కట్టింది మనమే గదా" అన్నాడు. బాపు లేచి బయటికి పోయాడు.

ఆ వానల్లోనే అన్న పోయాక బాపు చుట్టుపక్కల ఏ ఊళ్లో పెండ్లికొడుకు గుర్రమెక్కినా పిలవకపోయినా పోయేవాడు. కాళ్లకు కట్టు ఉంటే కోసేవాడు. "వచ్చిండు, అపశకునపోడు" అని మొహాన్నే అనేవాళ్లు; ఒకచోట గల్లా పట్టి నెట్టారు కూడా. అయినా మానలేదు. ఒకసారి నేనూ వెంట పోయిన కడెం వైపు పెండ్లిలో, ఆయన అట్లా కట్టు కోసిన పెండ్లికొడుకే గుర్రం బెదిరి బురదలో పడ్డాడు. ఆడవాళ్లు శోకాలు మొదలుపెట్టారు. ఆ పిల్లవాడు లేచి, మూతికంటిన బురద తుడుచుకుని నవ్వాడు. అంత గుంపులో మా బాపు ఒక్కడే, భుజం మీది తువ్వాలలో మొహం దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

తరువాత కంకర రోడ్లు పడ్డాయి, బస్సులు వచ్చాయి, ఊళ్లలో గుర్రాలు కనబడకుండా పోయాయి, పటేళ్ల కాలమూ పోయింది. శకునాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇన్నేండ్లలో ఎన్నో శుభకార్యాలు చూశాను గాని, పరాయి బిడ్డ ఒకడు క్షేమంగా కింద పడ్డాడని అంత సంతోషపడ్డ మనిషిని మళ్లీ చూడలేదు.